తాతగారి ఇంటి పటాలకు పట్టిన పొగవాసన

మీరు రాసిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది. కోనసీమలోని తాతగారి ఇల్లు అమ్మిన తరువాత అక్కడి నుంచి నాలుగు పటాలను హైదరాబాదులోని మీ ఫ్లాటుకు తెచ్చుకున్నారు. దేవుడి గదిలో ఉండిన రవివర్మ లక్ష్మీదేవి ముద్రణ ఒకటి, తంజావూరు బాలకృష్ణుడు ఒకటి, వసారాలో వేలాడిన పెద్దల పెళ్లినాటి ఫోటో ఒకటి, అద్దం వేసి కట్టించిన శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి. దశాబ్దాల సాంబ్రాణి, కట్టెల పొయ్యి, తాతగారి చుట్ట కలిసిన పొగవాసన నాలుగింటికీ గాఢంగా పట్టి ఉంది. తలుపులు మూసిన గదిలో వాటితో పాటు పది నిమిషాలు కూర్చోలేకపోతున్నారు. ఒక పూట ఎండలో పెట్టారు, వెనుక వైపు సువాసన స్ప్రే కొట్టారు, ఫలితం కనబడలేదు. ఇప్పుడు ఒకరు ఓజోను వాయువు వదిలే యంత్రం పెట్టి ఒక్క రోజులో వాసన తీసేస్తామంటున్నారు, మరొకరు వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవమంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగారు.

రెండూ వద్దు. ఎందుకు వద్దో, వాటికి బదులు ఏం చేయాలో వివరంగా చెబుతాను. పాత కాగితాలు, పటాలు శుభ్రపరిచే పనిలో నేను ఇరవై ఐదేళ్లుగా ఉన్నాను. దేవుడి గదుల నుంచి, వంటింటి గోడల నుంచి దింపిన పటాలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిలో దాదాపు ప్రతిసారీ కనబడిన విషయం ఏమిటంటే, వాసనలో ఎక్కువ భాగం బొమ్మలో ఉండదు. బొమ్మ వెనుక బిగించిన అట్టలోను, పలుచని చెక్కలోను, చట్రం లోపలి వైపు పాలిష్ పట్టని కర్రలోను, వెనుక అతికించిన ఖాకీ కాగితంలోను అది దాగి ఉంటుంది. కాబట్టి బొమ్మను దాదాపుగా ముట్టుకోకుండానే వాసనను చాలావరకు తగ్గించవచ్చు. కాకపోతే దీనికి ఒకటి రెండు రోజులు చాలవు, పటాన్ని బట్టి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది.

పొగ పటానికి ఎలా పడుతుందో కొంచెం తెలుసుకుంటే మిగిలిన జాగ్రత్తల వెనుక కారణాలు వాటంతట అవే అర్థమవుతాయి. పొగలో రెండు రకాల పదార్థాలు ఉంటాయి. ఒకటి కంటికి కనిపించే మసి. దాని కణాలు ఎక్కువగా ఒక మైక్రానుకన్నా చిన్నవి కాబట్టి చట్రానికి, అద్దానికి మధ్యనున్న సన్నని సందులోంచి కూడా లోపలికి పోతాయి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ప్రతిసారీ పటం లోపలి గాలి కొంత బయటికి పోయి, బయటి గాలి కొంత లోపలికి వస్తుంది. మీ పటాల అద్దం అంచుల వెంట లోపలి వైపు గోధుమ రంగు చార ఉంటే అది ఆ రాకపోకలు వదిలిన జాడ. రెండవది కంటికి కనిపించని వాసన పదార్థం. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు గ్వయకాల్, క్రెసాల్ వంటి ఫీనాళ్లు పుడతాయి, అవి అతి స్వల్పంగా ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. సాంబ్రాణి, గుగ్గిలం చెట్ల బంకలు. నిప్పుల మీద వేసినప్పుడు వాటి ఆవిరి చల్లని గోడ మీద, అద్దం మీద జిగటపొరగా పేరుకుంటుంది. దీపారాధన నూనె ఆవిరీ, చుట్ట పొగలోని తారు, నికోటినూ ఆ పొరకు తోడవుతాయి, వచ్చే మసి అంతా దానికి అంటుకుంటుంది. నా అనుభవంలో వీటన్నిటిలో వదలడానికి ఎక్కువ కాలం తీసుకునేది చుట్ట వాసనే.

ఇందులోంచి గుర్తుంచుకోవలసిన సంగతులు రెండు. మసి జిడ్డుతో కలిసి ఉంది కాబట్టి తడిగుడ్డతో తుడిస్తే అది పోకపోగా కాగితం నూగులోకి, గుడ్డ పోగుల్లోకి మరింత లోతుగా దిగుతుంది, అలా దిగినదాన్ని ఆ తరువాత ఎవరూ పూర్తిగా తీయలేరు. అలాగే కాగితం, చెక్క, నూలు అనేవి వాసనను పట్టి ఉంచుకుని, గాలిలో తేమ పెరిగినప్పుడు ఎక్కువగా వదులుతాయి. నీటి ఆవిరి పోగుల్లోకి చేరి, అక్కడున్న వాసన పదార్థాన్ని బయటికి నెడుతుంది. వర్షాకాలంలో మీ గదిలో వాసన రెట్టింపైనట్లు అనిపించడానికి కారణం అదే. ఈ పని మొదలుపెట్టడానికి పుష్య మాఘ మాసాల పొడి వాతావరణం చాలా అనుకూలం. ఇప్పుడు ముసురు పట్టి ఉంటే పటాలను గాలి ఆడే గదిలో, గోడకు ఆనించకుండా నిలబెట్టి కొన్ని వారాలు ఆగండి.

మొదట వాసన ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పే విప్పే పని ముద్రణకు, కలంకారీకే. తంజావూరు పటాన్ని, ఫోటోను ఇప్పుడే విప్పకండి, కారణం కింద చెబుతాను. పటాన్ని శుభ్రమైన దుప్పటి మీద అద్దం కిందికి ఉండేటట్టు బోర్లించి, ముందు వెనుక వైపును ఫోటో తీసుకోండి. పటాలు కట్టిన షాపు చీటీ, పాత రాజమండ్రి లేదా మద్రాసు చిరునామా, పెద్దల చేతిరాతలో తేదీ, పేర్లు వంటివి ఆ ఖాకీ కాగితం మీద ఉండవచ్చు. అవి మీ కుటుంబ చరిత్రలో భాగం. ఆ భాగాన్ని చింపకుండా కత్తిరించి విడిగా ఒక కవరులో దాచండి. తరువాత చిన్న కటింగ్ ప్లయరుతో మేకులను ఒక్కొక్కటిగా, పైకి లాగకుండా పక్కకు తిప్పుతూ తీయండి. పాత మేకులు తుప్పు పట్టి ఉంటాయి, బలంగా లాగితే విరిగి, పట్టుజారి బొమ్మకు తగులుతాయి. వెనుక అట్ట, బొమ్మ, అద్దం, చట్రం వేరయ్యాక ఒక్కొక్కదాన్ని వేర్వేరు శుభ్రమైన ప్లాస్టిక్ సంచుల్లో వదులుగా పెట్టి మూతి మూయండి. మరుసటి రోజు ఉదయం ఆరుబయట కాసేపు నిలబడి, ముక్కు తేటపడ్డాక ఒక్కొక్క సంచి తెరిచి చూడండి. ఆ వాసనకు అలవాటుపడని మనిషిని ఒకరిని పిలిచి చూపించడం ఇంకా మంచిది, ఎందుకంటే మీ ముక్కు ఇప్పటికే దానికి మొద్దుబారి ఉంటుంది. చాలా పటాల్లో వెనుక అట్ట ఉన్న సంచి దగ్గరే మనిషి వెనక్కి తగ్గుతాడు.

ఇక్కడే ఇంకొకటి గమనించండి. ఆ వాసన నిజంగా పొగదేనా, లేక ముక్కిపోయిన వాసనా? పొగవాసనలో కమురు, తారు తెలుస్తాయి. ముక్కిన వాసన తడిసి ఆరిన పాత పుస్తకాల పెట్టె వాసనలా ఉంటుంది. కాగితం మీద నల్లని, ఆకుపచ్చని నూగు చుక్కలు కనబడితే అది బూజు. అప్పుడు బ్రష్షు వేయకండి, ఆ పటాన్ని మిగిలిన వాటి నుంచి వేరు చేసి పొడి చోట పెట్టండి. బూజు ఉన్న పటాన్ని శుభ్రపరిచే పద్ధతి పూర్తిగా వేరు, ఇప్పుడు చెప్పేది దానికి పనికిరాదు.

పటాలు విప్పేటప్పుడు ఎన్95 మాస్కు, నైట్రైల్ చేతితొడుగులు తప్పక వాడండి. మసి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అదొక్కటే కారణమూ కాదు. పాత చిత్రాల్లో వాడిన ఇంగిలీకం అనే ఎరుపు రంగులో పాదరసం, హరిదళం అనే పసుపు రంగులో ఆర్సెనిక్ ఉంటాయి. రంగు పెచ్చులూడే పటం దగ్గర చిన్నపిల్లలను ఉండనివ్వకండి.

వెనుక అట్ట, పలుచని చెక్క, ఖాకీ కాగితం మీద రాతలేమీ లేకపోతే వాటిని తీసివేయడానికి సంకోచించకండి. మీరు కొట్టిన సువాసన స్ప్రే కూడా చాలావరకు వాటితోనే పోతుంది. అద్దాన్ని విడిగా సబ్బునీళ్లతో కడిగి, ఒక రోజంతా ఆరనివ్వండి. కుంకుమ బొట్లు, గంధం, పసుపు అద్దం బయటి వైపే ఉంటే అక్కడే శుభ్రం చేసుకోవచ్చు. కానీ పసుపు మరక బొమ్మ అంచుకో కాగితానికో అంటి ఉంటే దాని దగ్గరికి వంటసోడాను గాని సబ్బును గాని రానివ్వకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం కలిపితే కుంకుమ అయ్యే కారణం కూడా అదే. లేత పసుపు మరకను పారాణిలా మార్చుకుని నా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు.

ఇక బొమ్మ మీది మసి. దీనికి నేను నమ్మే పనిముట్లు రెండే. మెత్తని వెంట్రుకల వెడల్పు బ్రష్షు మొదటిది, మసి తుడవడానికే తయారయ్యే పొడి రబ్బరు స్పాంజి రెండవది. ఈ స్పాంజి వల్కనైజ్ చేసిన సహజ రబ్బరు, నీళ్లు లేకుండానే మసిని తనలోకి లాక్కుంటుంది. పటాల పరిరక్షణ సామగ్రి అమ్మేవారి దగ్గర దొరుకుతుంది. గిన్నెలు తోమే స్పాంజి దీనికి బదులు కాదు. దాన్ని అగ్గిపెట్టె అంత ముక్కలుగా కోసుకుని, ముందు కనబడని మూల మీద పరీక్షించి, రుద్దకుండా అద్దుతూ లేదా ఒకే దిశలో తేలికగా లాగుతూ పోవాలి. ముక్క ముఖం నల్లబడగానే మరో ముఖం తిప్పాలి, అన్ని ముఖాలూ నల్లబడితే పారవేయాలి. స్పాంజి మీద మసితో పాటు రంగు కూడా కనబడితే అక్కడితో ఆపేయాలి. రంగు పెచ్చులుగా లేచిన చోట, ఫోటో ముఖం మీద, తంజావూరు పటం మీద ఈ స్పాంజిని అసలు వాడకండి.

నాలుగు పటాలూ నాలుగు రకాల వస్తువులు కాబట్టి ఒక్కొక్కదాని గురించి విడిగా చెప్పాలి.

రవివర్మ ముద్రణ వీటిలో కొంత ధైర్యంగా పని చేయదగినది. 1894లో బొంబాయిలో ప్రారంభమైన ఆయన ముద్రణాలయం ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి వాడి, నూనె సిరాలతో ఈ బొమ్మలను అచ్చువేసింది. 1906లో ఆయన కన్నుమూశాక కూడా ఆ బొమ్మలు దశాబ్దాల పాటు అచ్చవుతూనే ఉన్నాయి. చాలా వాటికి పైన వార్నిష్ పూత ఉంటుంది. అందువల్ల ముందు వైపు పొగ లోతుగా దిగదు, వార్నిష్ మీద పొరగా నిలుస్తుంది. వెనుక వైపు కాగితం మాత్రం పూత లేనిది కాబట్టి వాసనంతా అక్కడే ఉంటుంది. మెత్తని బ్రష్షుతో ముందు, వెనుక దుమ్ము దులిపి, వెనుక వైపు రబ్బరు స్పాంజితో రెండు మూడు విడతలుగా అద్దండి. కాగితం పెళుసుబారి ఉంటుంది, అంచులు వేలితో వంచి చూడకండి. ఎత్తవలసి వస్తే కింద ఒక గట్టి అట్ట జొనిపి, అట్టతో పాటు ఎత్తండి. చీరకు జరీ, చమ్కీలు, పట్టుగుడ్డ అతికించి అలంకరించిన ముద్రణ అయితే ఆ భాగాన్ని వదిలేసి మిగిలినది మాత్రమే తుడవండి. పసుపుపచ్చగా మారిన వార్నిష్‌ను తీయాలని ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

తంజావూరు పటం విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. దాన్ని విప్పకండి. సంప్రదాయ పద్ధతిలో పనసచెక్క మీద గుడ్డ అంటించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూసి, అదే ముద్దతో నగలను, మండపాలను ఉబ్బెత్తుగా దిద్ది, గాజురాళ్లు పొదిగి, బంగారు రేకు అతికిస్తారు. ఆ సుద్దా, ఆ జిగురూ రెండూ నీళ్లకు మెత్తబడేవే. వెనిగర్, నిమ్మరసం వంటి పులుపు తగిలితే సుద్ద నురగ వచ్చి కరిగిపోతుంది. మీకు వెనిగర్ సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ ఈ పటం విషయంలో అంతకన్నా హాని చేసే సలహా మరొకటి లేదు. పని నేర్చుకుంటున్న తొలి సంవత్సరాల్లో నేను ఒక తంజావూరు కృష్ణుడి పటం మీద కర్పూరం మసిని కాస్త తడిపిన దూదితో తీయబోయాను. దూదిని పిండి, చాలా తేలికగానే తగిలించాను. కిరీటం అంచు మెత్తబడి, బంగారు రేకు బియ్యపుగింజంత మేర పక్కకు జరిగింది. ఆ ఇంటివారు నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ అంచు ఇప్పటికీ అలాగే ఉంది, తలుచుకుంటే నాకు ఈనాటికీ బాధ కలుగుతుంది. అందుకే చెబుతున్నాను. ఈ పటానికి మీరు చేయగలిగినది చట్రం బయటి వైపును, అద్దం బయటి వైపును, వెనుక కనబడే చెక్కను పొడి గుడ్డతో తుడిచి, కింద చెప్పబోయే బొగ్గుపెట్టెలో మూసి ఉంచడం మాత్రమే.

పెళ్లి ఫోటో ఆ కాలపు నలుపు తెలుపు ఫోటో అయితే బొమ్మ ఉన్నది కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో. తేమ తగిలితే జెలటిన్ ఉబ్బి అద్దానికి అతుక్కుంటుంది. కోస్తా ఇళ్ల నుంచి వచ్చే ఫోటోల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. చట్రం విప్పేముందు టార్చిని పక్క నుంచి వేసి చూడండి. అద్దం వెనుక తడిసినట్టు నిగనిగలాడే మచ్చలు ఉంటే అక్కడ ఫోటో అద్దానికి అతుక్కుందని అర్థం. అలా ఉంటే అద్దాన్ని వేరు చేయకండి, ఊడదీస్తే ముఖాలు అద్దానికే మిగిలిపోతాయి. అద్దంతో పాటే ఫోటోను అలాగే ఉంచండి. ఫోటో దళసరి అట్ట మీద అతికించి, కింద స్టూడియో పేరు ఒత్తి ఉంటే ఆ అట్ట కూడా ఫోటోలో భాగమే. ఎంత వాసన వచ్చినా దాన్ని కత్తిరించకూడదు. దాని వెనుక వైపును మాత్రం రబ్బరు స్పాంజితో తుడవవచ్చు.

కలంకారీ దగ్గర చాలామంది ఒక తర్కం చెబుతారు. ఈ గుడ్డను తయారుచేసేటప్పుడే స్వర్ణముఖి నీళ్లలో ఎన్నోసార్లు జాడించారు కదా, ఇప్పుడు ఒకసారి ఉతికితే ఏమవుతుంది అని. తయారైననాటి బట్ట వేరు, ఇన్నేళ్ల తరువాతి బట్ట వేరు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి చేసిన నల్లరంగుతో గీసిన గీతల వెంట ఆ ఇనుము సంవత్సరాల తరబడి నూలుపోగులను తింటూ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు నిలబడే గీత, తడిపి ఎత్తగానే కాగితం మడతలా చీలిపోవచ్చు. కరక్కాయ పువ్వుతో వేసిన పసుపు రంగు నీళ్లకే కాదు, వెలుతురుకూ ఆగదు. కాబట్టి ఉతకవద్దు. గుడ్డను ప్లైవుడ్‌కు జిగురుతో అతికించి ఉంటే లాగకండి. కుట్టి గాని, మేకులు కొట్టి గాని ఉంటే విప్పి, శుభ్రమైన తెల్లని దుప్పటి మీద బల్లపరుపుగా పరచి, పైన దోమతెర గుడ్డ కప్పి, వాక్యూమ్ క్లీనరును అతి తక్కువ వేగంలో పెట్టి, గుడ్డకు తగలకుండా పైపైన నడపండి. మసి ఎంత వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ యంత్రానికి హెపా ఫిల్టర్ ఉండాలి, లేకపోతే ఒకవైపు పీల్చిన మసిని మరోవైపు గదిలోకి వదులుతుంది. ఆ తరువాత ఎండ పడని, గాలి ఆడే గదిలో వారం రోజులు అలాగే పరచి ఉంచండి. రాత్రిపూట కిటికీలు మూయండి.

ఇప్పుడు అసలు వాసన తీసే పద్ధతికి వద్దాం. గట్టి మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీసుకోండి, పటం అందులో వంగకుండా పట్టాలి. అడుగున ఒక స్టీలు పళ్లెంలో అర కిలో యాక్టివేటెడ్ కార్బన్ పోసి, పైన పలుచని మల్లు గుడ్డ కప్పండి. చేపల తొట్టెల సామాను అమ్మే షాపుల్లో ఇది గింజల రూపంలో దొరుకుతుంది. పొడి వద్దు, గింజలే కావాలి, ఎందుకంటే పొడి ఎగిరి బొమ్మ మీద పడుతుంది. కొబ్బరి చిప్పల నుంచి చేసినది వాసనలకు బాగా పనిచేస్తుంది. ఇస్త్రీపెట్టెలో వేసే మామూలు బొగ్గు దీనికి సరిపోదు. యాక్టివేట్ చేసిన బొగ్గులో సన్నని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి, ఒక్క గ్రాము లోపలి ఉపరితలం 500 నుంచి 1,500 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గాలిలో తేలే వాసన పదార్థం అక్కడ చిక్కుకుంటుంది. పళ్లేనికి పైన వంటింటి స్టీలు జాలీ స్టాండు ఒకటి పెట్టి, దాని మీద ముద్రణ లేని తెల్లని నూలుగుడ్డ పరచి, బొమ్మను బల్లపరుపుగా ఉంచి మూత పెట్టండి. బొమ్మకు, బొగ్గుకు మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి లోపల పెట్టండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటితే పెట్టె తెరవండి, మూసి ఉంచితే బూజు పడుతుంది. తేమ తగ్గించాలని సిలికా జెల్ సంచులు నింపకండి, చెక్క బీటలు వారి, రంగు లేస్తుంది.

వారానికి ఒకసారి మూత తీసి, గంటసేపు గాలి ఆడనిచ్చి, మళ్లీ మూయండి. మూడు వారాలకు బొగ్గు మార్చండి. ముద్రణకు, కలంకారీకి నెల రోజుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫోటో అట్టకు, తంజావూరు పటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. వంటసోడాను పళ్లెంలో పోసి వాడవచ్చా అని అడుగుతారు. హాని లేదు గాని, అది ఆమ్ల గుణమున్న వాసనలనే కొంత పడుతుంది. పొగవాసనకు బొగ్గు ముందు అది చాలా బలహీనం. సోడాను బొమ్మ మీద చల్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. కాఫీపొడి, లవంగాలు, ఎండబెట్టిన వేపాకు వంటివి ఒక వాసన మీద మరొక వాసన కప్పుతాయి, అంతే. నాఫ్తలీన్ గోళీలు పెట్టకండి, వాటి వాసన పొగవాసనకన్నా మొండిది, పీల్చడం కూడా మంచిది కాదు.

ఓజోను యంత్రం గురించి అడిగారు కనుక చెబుతున్నాను. ఓజోను వాసనను తీయగలదన్నది నిజమే. వాసన పదార్థాన్ని ఆక్సీకరణం చేసి విరగ్గొడుతుంది. అయితే అది వాసన పదార్థాన్ని, రంగును వేరుచేసి చూడలేదు. నీలిమందు, మంజిష్ఠ ఎరుపు, పసుపు వంటి సహజ వర్ణాలు ఓజోనుకు వెలిసిపోతాయి, కాగితం, నూలు, పట్టు పెళుసుబారుతాయి. మ్యూజియములు లోపలి గాలిలోంచి ఓజోనును వడపోసి తీసివేయడానికి డబ్బు ఖర్చు పెడుతున్నాయి. మనం డబ్బిచ్చి దాన్ని పటాల మీదికి వదలడం ఏ విధంగానూ సమంజసం కాదు. ఖాళీ గదికి, ఇనుప అల్మరాకు అది పనికొస్తుందేమో, పటాలకు కాదు. ఎండ కూడా అంతే. మీరు ఒక పూట పెట్టినదానికి కంగారు పడనక్కరలేదు, కానీ మళ్లీ పెట్టకండి. ఎండ వల్ల వెలిసిన రంగు తిరిగి రాదు.

చట్రాల గురించి. పాత టేకు చట్రాలను పారేయకండి, ఆ కర్ర, ఆ పనితనం ఇప్పుడు దొరకవు. పాలిష్ ఉన్న బయటి వైపును బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పాలిష్ లేని లోపలి గాడిలోనే వాసన నిలిచి ఉంటుంది. రెండు వారాలు గాలికి పెట్టినా తగ్గకపోతే ఆ గాడికి, వెనుక వైపుకు లక్క పాలిష్ రెండు పూతలు వేయించండి. లక్క పొర కర్రలోని వాసనను బయటికి రానివ్వదు. అగ్నిప్రమాదం జరిగిన ఇళ్లలో గోడలకు, తలుపులకు రంగులు వేసేముందు లక్కతో చేసిన ప్రైమరు వాడేది ఇందుకే. పూత ఆరినట్టు కనిపించినా స్పిరిటు వాసన పూర్తిగా పోయేదాకా, మూడు నాలుగు వారాలు, పటాన్ని అందులో బిగించకండి. వెనుకకు యాసిడ్ ఫ్రీ బోర్డు, అంటే ఆమ్లం లేని అట్ట వేయించండి. బొమ్మ అద్దానికి తగలకుండా నాలుగు వైపులా అదే బోర్డుతో మౌంట్ కట్టించండి. పటాలు కట్టే షాపువారు మామూలు అట్ట కూడా అంతే గట్టిగా ఉంటుందంటారు. గట్టితనం ఇక్కడ విషయం కాదు, ఆ అట్టలోని ఆమ్లం పదేళ్లలో కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది. గోడకు తగిలించేటప్పుడు కింది రెండు మూలల వెనుక చిన్న బెండు ముక్కలు అంటిస్తే వెనుక గాలి ఆడుతుంది.

రంగు లేచిన తంజావూరు పటం, అద్దానికి అతుక్కున్న ఫోటో, ప్లైవుడ్‌కు అంటించిన కలంకారీ, ఈ మూడింటిలో ఏది ఎదురైనా పని ఆపి, వృత్తిరీత్యా పరిరక్షణ చేసేవారికి చూపించండి. కళా సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే ఇంటాక్ (INTACH) సంస్థకు బెంగళూరు, లక్నో, ఢిల్లీ వంటి చోట్ల పరిరక్షణ కేంద్రాలున్నాయి. మీ నగరంలో ఎవరున్నారో వారిని అడిగితే తెలుస్తుంది. పటం తీసుకెళ్లేముందు వెలుతురులో ముందు, వెనుక, పక్క నుంచి తీసిన ఫోటోలు పంపండి. ఎవరైనా ఫోటోలు కూడా చూడకుండా ఒక్క రోజులో కొత్తదానిలా చేసిస్తామంటే వారికి పటం ఇవ్వకండి.

పూజలో ఉన్న పటాలు కాబట్టి మీ అమ్మగారికి ఇవి విప్పడం ఇష్టం ఉండకపోవచ్చు. ఆ సంకోచం న్యాయమైనదే. లక్ష్మీదేవి పటాన్ని దింపే రోజు, మళ్లీ గోడకెక్కించే రోజు ఆవిడ చేతే నిర్ణయింపజేయండి. పూజ నుంచి తీయడానికి మీ ఇంటి పురోహితులు చెప్పే పద్ధతి ఉంటే అది పాటించండి. తీసివేసిన పాత అట్టలు, కుంకుమ అంటిన కాగితాలు చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పకపోతే వాటిని ఎలా సాగనంపాలో ఆయననే అడగండి. పని పూర్తయ్యాక అసలు పటాన్ని మళ్లీ సాంబ్రాణి పొగ ముందు పెడితే ఈ శ్రమంతా వృథా అవుతుంది. పటాన్ని విప్పి ఉన్నప్పుడే, అద్దం లేకుండా, మంచి స్కానర్ మీదో మంచి కెమెరాతోనో ప్రతి తీయించి, అదే కొలతలో అచ్చు వేయించి పూజగదిలో ఉంచండి, అసలుది ముందుగదిలో ఎండ పడని గోడకు పెట్టండి. నేను చూసిన చాలా ఇళ్లలో పెద్దలు ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నారు, ముఖ్యంగా తాము చిన్నప్పటి నుంచి పొగ చాటున చూసిన అమ్మవారి చీర అసలు రంగు మొదటిసారి కళ్లబడినప్పుడు.

రెండు మూడు నెలల తరువాత కూడా ముక్కు దగ్గరగా పెడితే సన్నగా సాంబ్రాణి వాసన తెలుస్తూనే ఉంటుంది. గదిలో కూర్చున్నప్పుడు తెలియనంతగా తగ్గితే చాలు, అక్కడ ఆపండి. ఆ మిగిలిన కొంచెం కోసం చేసే పనులే పటాలను పాడుచేస్తాయి. రవివర్మ ముద్రణతో మొదలుపెట్టండి, చేయి అలవాటుపడ్డాక కలంకారీ తీయండి. ఫోటోను టార్చి వెలుతురులో చూసినప్పుడు అద్దం వెనుక ఏం కనబడిందో ఇక్కడ రాయండి. అది చదివాక దాన్ని విప్పవచ్చో లేదో చెబుతాను, అంతవరకు దాని మేకులు ముట్టుకోకండి.